నోట్లో గుండుసూదులు, భుజం మీద ఫోను

కత్తెరమ్మ కొత్త ఫోను కొన్న కొద్ది నెలలకే అక్క ఆమెతో మాటలు మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పాలంటే ముందు ఈ అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఒక ఆడమనిషి కుట్టుమిషను మోసుకుంటూ ఫోన్ల దుకాణానికి ఎందుకు వెళ్ళిందో మీకు అర్థం కాదు, ఆవిడకి పిచ్చెక్కిందనుకుంటారు.

కత్తెరమ్మ దర్జీ. అసలు పేరు ఒకటి ఉంది గానీ, మెళ్ళో కొలతల టేపూ, దాని పక్కన తాడుకు కట్టిన కత్తెరా ఎప్పుడూ వేలాడుతూ ఉంటాయి కాబట్టి కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళంతా అలాగే పిలుస్తారు. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. కిటికీ దగ్గర మిషను, మిషను పక్కన కుట్టాల్సిన బట్టల గుట్ట, ఆ గుట్ట కింద ఎక్కడో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక కుర్చీ. ఆ కుర్చీని ఈ మధ్య ఎవరూ చూడలేదు.

అక్క రైల్వే స్టేషన్లో మైకులో చెప్పే మనిషి. ఫలానా బండి ఆలస్యంగా నడుస్తోంది, ఫలానా బండి ప్లాట్‌ఫారం మారింది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఇదే ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఇవే మాటలు చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు ఒకే మట్టానికి స్థిరపడిపోయింది. లాటరీ తగిలినా అదే గొంతు, కాలు విరిగినా అదే గొంతు. ఇల్లు ఊరికి ఆ చివర. ఇంట్లో ఆవిడా, బావగారూ. బావగారు మంచి మనిషే, వంక పెట్టడానికి లేదు, కాకపోతే మాట్లాడడు. ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. వంటగదిలో పొగ వస్తోందని చెప్పినా "ఊఁ" అనే అన్నాడట.

అందుకని డ్యూటీ దిగగానే అక్క చెల్లెలికి ఫోన్ చేస్తుంది. సరిగ్గా ఆ వేళకు చెల్లెలికి ఊపిరాడని పని. రెండు చేతులూ గుడ్డ మీద, కాళ్ళు మిషను తొక్కుడు మీద, పెదాల మధ్య వరసగా గుండుసూదులు. ఇక ఫోను పెట్టుకోవడానికి మిగిలింది ఎడమ బుగ్గకూ ఎడమ భుజానికీ మధ్యనున్న సందే. అక్కడ ఇరికించి, మెడ వంచి, కుడుతూ వింటుంది. నోరు విప్పితే సూదులు కడుపులోకి పోతాయి కాబట్టి "మ్‌మ్" అంటుంది. అక్క అంతకు మించి అడగదు కూడా. వినే మనిషి ఉంటే చాలు.

ఇక్కడ ఒక రహస్యం ఉంది. అక్కకు జరిగేవి లోకంలో ఇంకెవరికీ జరగవు. ఆవిడ దృష్టిలో అవన్నీ కష్టాలు. మైకు గొంతుతో, ఒక్క అక్షరం తడబడకుండా, బండి ఆలస్యం చెప్పినట్టే చెబుతుంది. వింటున్న కత్తెరమ్మకు నవ్వు తన్నుకొస్తుంది. పగలబడి నవ్వుదామంటే సూదులు, భుజాలు ఎగరేసి నవ్వుదామంటే ఫోను జారిపోతుంది. పాపం ఆ నవ్వు ఎక్కడికి పోతుంది? బుగ్గల్లోకి పోతుంది. చప్పుడు ఉండదు, కళ్ళలో నీళ్ళు మాత్రం తిరుగుతాయి. చంకనెత్తుకుని పెంచిన అక్క, కష్టం చెప్పుకుంటుంటే నవ్వడం మర్యాదా? కాదని కత్తెరమ్మకూ తెలుసు. అందుకే ఆ సంగతి ఎన్నడూ పైకి పొక్కనివ్వలేదు.

పాత ఫోను ఇస్త్రీపెట్టె కింద పడి అప్పడమైపోయాక పెద్ద బజారులో ఫోన్లూ టీవీలూ ఫ్రిజ్‌లూ అన్నీ అమ్మే పెద్ద దుకాణంలో కొత్తది కొన్నది. అప్పటి నుంచీ మొదలైంది గొడవ. అక్క చెబుతూ ఉంటుంది, చెబుతూ చెబుతూ ఉండగా ఠక్కున ఫోను కట్టయిపోతుంది.

మొదటిసారి పన్ను సంగతి. "పన్ను పీకించుకుని తిన్నగా డ్యూటీకి వెళ్ళానే. మత్తు దిగలేదు. నాలుక దుంగలా అయిపోయింది. అరగంట మైకులో ఏం చెప్పానో నాకే తెలీదు. అయినా జనం అంతా ఎవరి బండి వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. ఒక్కడూ అడగలేదు. అంటే ఇన్నేళ్ళుగా నేను చెప్పేది..." కట్.

ఇంకోసారి లిఫ్టు సంగతి. "పై అంతస్తావిడకీ నాకూ మాటల్లేవు కదా. ఆవిడతోనే లిఫ్టులో ఇరుక్కున్నా. ఇద్దరం చెరో గోడవైపూ తిరిగి నిలబడ్డాం. ఆవిడ నాతో చెప్పాలనుకున్నది సాయం కోసం పిలిచే అలారం గొట్టంతో చెప్పింది, నేనూ జవాబు అలారం గొట్టంతోనే..." కట్.

అక్క మొదట్లో పట్టించుకోలేదు. మళ్ళీ చేసేది. కానీ పరామర్శ సంగతి దగ్గర వ్యవహారం ముదిరింది. అక్కతో పనిచేసే ఒకావిడ భర్త పోయాడు. ఆ భర్తను అక్క ఎన్నడూ చూసి ఉండలేదు. డ్యూటీ దిగి ఓదార్చడానికి వెళ్ళింది.

"తలుపు ఎవరో ఒకావిడ తీసింది. చుట్టమనుకున్నా. పట్టుకుని బావురుమన్నాను. ఆవిడా నన్ను పట్టుకుని బావురుమంది. పావుగంట ఏడ్చాం. నేను ఎక్కాల్సింది మూడో అంతస్తట, నేనెక్కింది రెండో అంతస్తు. మరి ఈవిడెందుకు ఏడుస్తోందో నాకేం తెలుసు? అంతలో స్నానాల గది తలుపు తీసుకుని, తువ్వాలు కట్టుకుని ఆయన..." కట్.

ఫోను మళ్ళీ మోగింది. కత్తెరమ్మ సూదులు ఉమ్మేసి ఎత్తింది.

"పెట్టేశావేం?" అంది అక్క.

"నేనెందుకు పెడతానక్కా! దానంతటదే కట్టయింది."

"నిన్నా అంతే, మొన్నా అంతే. మిగతావాళ్ళవి కూడా కట్టవుతున్నాయా?"

కత్తెరమ్మకు అబద్ధం చటుక్కున నోటికి రాదు. మిగతావాళ్ళు చేసి "బట్టలయ్యాయా?" అంటారు, తను "రేపు" అంటుంది, అయిపోతుంది. కట్టవడానికి అంత సేపెక్కడిది? "లేదు," అంది.

"అంటే నావే కట్టవుతున్నాయన్నమాట. చూడూ, నా మాటలు విసుగ్గా ఉంటే ఆ ముక్క చెప్పు, మానేస్తాను. ఫోను తప్పంటావా, కొట్టువాళ్ళ చేత చెప్పించు. ఫోనులోనే లోపముందని వాళ్ళ నోటితో చెప్పగా నేను చెవులారా వినాలి. అందాకా నేను నీకు చెయ్యను, నువ్వు నాకు చెయ్యకు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను."

ఆ చివరి మాట అలవాటు కొద్దీ వచ్చిందో, కావాలనే అన్నదో తెలియదు. ఈసారి కట్ చేసింది మాత్రం అక్కే.

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు ఎంతకీ గడవలేదు. మిషను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఫోను బల్ల మీద పెట్టుకుని దాని వంకే చూస్తూ కుట్టింది. చూసుకోకుండా ఒక చొక్కాకు మెడ ఉండాల్సిన చోట కూడా చెయ్యి కుట్టి పెట్టింది. బడిపిల్లల వ్యాను నడిపే మొగుడు సాయంత్రం వచ్చి ఆ చొక్కా ఎత్తి చూశాడు.

"ఏమే, దీన్ని వేసుకునేవాడు ఎక్కడుంటాడే? చూడాలనుంది."

"నవ్వండి, నవ్వండి. అక్క మాట్లాడక ప్రాణం ఉసూరుమంటోంది నాకు," అంది కత్తెరమ్మ. మొగుడు చొక్కా కింద పెట్టేసి, మర్నాడు తనే వ్యానులో ఫోను కొన్న దుకాణం ముందు దింపుతానన్నాడు.

ఆ దుకాణంలో ఫిర్యాదుల కౌంటరు అన్నిటికన్నా వెనకాల, బట్టలుతికే మిషన్లు దాటి, ఫ్రిజ్‌లు దాటి, మెట్ల కింద ఉంటుంది. ఫిర్యాదు చేద్దామని వచ్చినవాడు అక్కడికి చేరేలోపు ఇంకో రెండు వస్తువులు కొనేయాలని వాళ్ళ ఆలోచన కాబోలు. కౌంటర్లో ఒకమ్మాయి కూర్చుని ఉంది. కత్తెరమ్మ చెప్పిందంతా విని, ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, తన బల్ల మీది ఫోనులోంచి దానికి చేసింది.

"హలో, వినిపిస్తోందా అండీ?"

"ఎదురుగా కూర్చున్నావు కదమ్మా, ఫోను లేకపోయినా వినిపిస్తోంది."

"కట్ కాలేదు చూశారా? మైకు బాగుంది, స్పీకరు బాగుంది, బ్యాటరీ బాగుంది. లోపమేం లేదండీ."

"పోనీ నాకు ఫోను మార్చొద్దు, ఏం చెయ్యొద్దు. లోపం ఉందని మా అక్కకు ఒక్క మాట చెప్పమ్మా, చాలు."

"లేని లోపం ఉందని ఎలా చెప్పమంటారండీ? కంపెనీ పరువు పోదూ?"

కంపెనీకి పరువుంటే తనకు అక్క ఉంది. కత్తెరమ్మ అక్కడే భీష్మించుకుని కూర్చుంది. ఇక తప్పదని ఆ అమ్మాయి ఫోను లోపల పైవాళ్ళకు పంపి పరీక్ష చేయిస్తానంది. కొన్నాళ్ళు ఉంచుకుని, తళతళా తుడిచి తిరిగిచ్చారు. లోపమేమీ లేదట. అయితే పరీక్షలో ఏం నొక్కారో ఏమో, ఇప్పుడు అది గంట గంటకూ టైము పైకి చెబుతోంది. తెల్లవారుజామున ఆడగొంతు వినబడేసరికి మొగుడు మంచం మీద నుంచి దబ్బున కిందపడ్డాడు.

"ఒక మైకు మనిషి మాటలు మానేసిందని ఇంకో మైకు మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టావా?" అన్నాడు నడుము రాసుకుంటూ.

ఆ మధ్యాహ్నం కుడుతూనే దుకాణం వాళ్ళ ఫోను సాయం నంబరుకు చేసింది. వీణ వాయించారు, వేణువు ఊదారు, ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు. ఆఖరికి ఒక తియ్యటి గొంతు, "మీ సంతోషమే మా ఊపిరి. మా సేవలతో మీరు ఆనందంగా ఉంటే..." అంటూ ఉండగా ఠక్కున కట్టయిపోయింది. కత్తెరమ్మ ఎగిరి గంతేసింది. దొరికాడు దొంగ! మీ ఆఫీసు ఫోనే కట్టయింది చూసుకోమని మర్నాడు కౌంటరు అమ్మాయి మీదికి వెళ్ళింది.

"వాళ్ళే పెట్టేసుంటారండీ. మేం చేసినా పెట్టేస్తారు," అంది ఆ అమ్మాయి నిట్టూరుస్తూ.

ఇలా తిరిగీ తిరిగీ చెప్పుల అడుగులు అరిగిపోయాక ఒక రోజు మేనేజరే బయటికొచ్చాడు. నున్నటి మనిషి. ఏం విన్నా చిరునవ్వే. కత్తెరమ్మ గొంతెత్తిన కొద్దీ ఆయన గొంతు మెత్తబడుతుంది.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. ఎలా కట్టవుతోందో ఒక్కసారి మా ఎదురుగా చూపించండి. చాలు."

"ఇక్కడెలా చూపించనయ్యా? ఇంట్లో మిషను మీద ఉన్నప్పుడు కట్టవుతుంది."

"అయితే మిషను మీద ఉన్నట్టే చూపించండమ్మా. కళ్ళారా చూస్తే నేనే ఒప్పుకుంటాను."

పీడ విరగడవుతుందని అన్న మాట అది. దుకాణానికి ఫోను తెచ్చేవాళ్ళున్నారు గానీ, కుట్టుమిషను తెచ్చేవాళ్ళుంటారా అనుకున్నాడు. ఆయనకు కత్తెరమ్మ సంగతి తెలియదు, అంతే.

మర్నాడు దుకాణం తెరిచీ తెరవగానే బడి వ్యాను వచ్చి గుమ్మానికి అడ్డంగా ఆగింది. మొగుడూ పెళ్ళామూ చెరో వైపూ పట్టుకుని, ఇనుప కాళ్ళతో సహా మిషను దింపి, టీవీల మధ్య నుంచీ ఫ్రిజ్‌ల మధ్య నుంచీ ఈడ్చుకుంటూ తెచ్చి ఫిర్యాదుల కౌంటరు ముందు నిలబెట్టారు. మేనేజరు చిరునవ్వు మొదటిసారి కాస్త పక్కకు ఒరిగింది.

"నేను వ్యానులో కూర్చుంటా. నాకూ పరువుంది," అన్నాడు మొగుడు. కానీ దారిలో పెద్ద టీవీ కనబడేసరికి అక్కడే నిలబడిపోయాడు.

కత్తెరమ్మ మిషను ముందు కౌంటరు దగ్గరి కుర్చీ లాక్కుని కూర్చుంది. సగం కుట్టిన లంగా ఒకటి పెట్టుకుంది. సూదులు పెదాల మధ్య బిగించింది, ఫోను బుగ్గ కింద ఇరికించింది, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపింది.

మేనేజరు తన గదిలోకి వెళ్ళి చేశాడు. కుశలమడిగాడు. వాతావరణం గురించి మాట్లాడాడు. మాటలయిపోతే వారంటీ షరతులు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. కత్తెరమ్మకు నిద్ర ముంచుకొచ్చింది గానీ ఫోను కట్ కాలేదు. కౌంటరు అమ్మాయి చేసింది. కాలేదు. ఫ్రిజ్‌లు అమ్మే ఆయన చేసి ఫ్రిజ్ గుణగణాలు చెప్పాడు. కాలేదు. లంగా అంచు మాత్రం పూర్తయిపోయింది.

"చూశారు కదమ్మా," అన్నాడు మేనేజరు గదిలోంచి వస్తూ.

కత్తెరమ్మ సూదులు తీసి, "మా అక్క చేస్తేనే కట్టవుతుందయ్యా," అంది. ఆ మాట అంటుంటే తనకే సిగ్గేసింది.

"అలాగా. అయితే లోపం అక్కగారిలో ఉందేమో."

"ఏయ్! నన్ను నాలుగనండి, పడతాను. మా అక్కననండి, ఈ మిషను ఇక్కడి నుంచి కదలదు. రోజూ వచ్చి ఇక్కడే కుట్టుకుంటాను."

చుట్టూ అప్పటికే జనం మూగారు. ఒకావిడ, పాంటు పొడుగు తగ్గిస్తారా అని అడగడం కూడా మొదలుపెట్టింది. మేనేజరు గబగబా అక్క నంబరు తీసుకుని దుకాణం ఫోనులోంచి తనే చేశాడు. మీరు ఒక్కసారి మీ చెల్లెలుగారితో ఫోనులో మాట్లాడాలండీ అని బతిమాలాడు. అవతలి నుంచి ఒకే ముక్క వచ్చింది.

"వస్తున్నాను."

అక్క డ్యూటీ మధ్యలో గంట అనుమతి తీసుకుని, మెడలో గుర్తింపు కార్డుతోనే వచ్చేసింది. మిషను చూసింది, సూదులు చూసింది, చెల్లెల్ని మాత్రం చూడనట్టే నిలబడింది.

"ఆవిణ్ణి అడగండి, ఒళ్ళెలా ఉందో. చిక్కిపోయినట్టుంది," అంది మేనేజరుతో.

"బాగానే ఉందని చెప్పండి. బావగారెలా ఉన్నారో అడగండి," అంది కత్తెరమ్మ మేనేజరుతో.

"ఊఁ అంటున్నారని చెప్పండి."

మేనేజరు ఇద్దరి మధ్యా తల తిప్పలేక, అక్కను ఫ్రిజ్‌ల అవతలికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి చెయ్యమని, తను తిరిగొచ్చి కత్తెరమ్మ పక్కన నిలబడ్డాడు. కత్తెరమ్మ మళ్ళీ సూదులు బిగించి మిషను మొదలెట్టింది. ఇప్పుడూ కట్ కాకపోతే ఇక అంతే, అక్క ఈ జన్మలో మళ్ళీ ఫోను చెయ్యదు. ఫోను మోగింది. భుజం మీద పెట్టుకుంది.

"ఏం మాట్లాడాలో తెలీడం లేదు," అంది అక్క గొంతు, ఎప్పటిలాగే ఒకే మట్టంలో. "ఆ రోజు ఎక్కడ ఆపాను? నేను ఆపలేదనుకో, సరే. ఆయన స్నానాల గదిలోంచి తువ్వాలు కట్టుకుని వచ్చాడు. పోయినాయనను నేను చూసి ఉండలేదు కదా. ఆయనే అనుకున్నా. కెవ్వుమన్నాను. నన్ను చూసి ఆయనా కెవ్వుమన్నాడు. ఆవిడ మాత్రం ఏడుపు ఆపలేదు, మొదలెట్టింది కదా, మధ్యలో ఎలా ఆపుతుంది. నేను అన్నాను, మీరు పోయారు కదండీ అని. ఆయన రెండు క్షణాలు నా వంక చూసి, పెళ్ళాం వైపు తిరిగి, ఏమే, నిజమేనా అన్నాడు."

కత్తెరమ్మ బుగ్గలు రెండూ కళ్ళ దాకా లేచాయి. ఠక్కున కట్టయిపోయింది.

"పట్టుకున్నాను!" అని మేనేజరు ఎగిరాడు. చిరునవ్వు పోయి మనిషి మొహం వచ్చింది. "నవ్వారు! నేను చూశాను, నవ్వారు! బుగ్గ లేచి తెర మీద కట్ చేసే ఎర్ర గుర్తుకు తగిలింది!"

ఇక జనం ఆగలేదు. అంతా అద్దాల బల్లల మీది ఫోన్లు తీసి బుగ్గ కింద పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. కౌంటరు అమ్మాయి ఒక కొత్త ఫోను తెచ్చి కత్తెరమ్మ బుగ్గకు ఆనించింది. చెవి దగ్గరికి రాగానే దాని తెర ఆరిపోయింది, ఎంత నవ్వినా ఏమీ కాలేదు. కత్తెరమ్మ ఫోను తెర మాత్రం దీపంలా వెలుగుతూనే ఉంది. చెవి దగ్గరికొచ్చినా ఆరిపోవాలని దానికి తెలియడం లేదు. చేత్తో పట్టుకుని మాట్లాడేవాళ్ళకు ఆ లోపం ఎన్నటికీ బయటపడదు.

మేనేజరు నిటారుగా నిలబడి, దుకాణమంతా వినబడేలా, "ఒప్పుకుంటున్నాం! లోపం ఫోనులోనే ఉంది! ఈవిడ నవ్వినప్పుడల్లా కట్టవుతోంది!" అన్నాడు.

కత్తెరమ్మ కోరుకున్న మాటే అది. దాని కోసమే ఇన్నాళ్ళు తిరిగింది. కానీ దాని తోక పట్టుకుని ఇంకో మాట కూడా వచ్చేసింది. తలెత్తి చూస్తే ఫ్రిజ్‌ల పక్కన అక్క నిలబడి ఉంది. అంతా విన్నది.

"నవ్వావా?" అంది అక్క.

కత్తెరమ్మ సూదులు ఒక్కొక్కటే పెదాల నుంచి తీసి, మణికట్టుకు కట్టుకున్న దూది దిండుకు గుచ్చసాగింది. ఎంత నెమ్మదిగా గుచ్చినా అయిపోయాయి. దగ్గు వచ్చిందని చెప్పొచ్చు, బుగ్గ మీద ఈగ వాలిందని చెప్పొచ్చు.

"నవ్వానక్కా," అంది.

"పన్ను సంగతప్పుడు?"

"నవ్వాను."

"లిఫ్టు?"

"సూదులు మింగబోయాను."

"నేను కష్టం చెప్పుకుంటుంటే?"

"తప్పే అక్కా. కానీ నువ్వు చెబుతుంటే నవ్వాగదు. నేనేం చెయ్యను? రోజంతా తల వంచుకుని కుడతాను. సాయంత్రం నీ ఫోను వస్తుంది, అప్పుడు నవ్వుతాను. నువ్వు మానేసినప్పటి నుంచీ నేను నవ్వనే లేదు."

బుగ్గల కింద ఫోన్లతో జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అక్క మొహంలో ఏమీ తెలియలేదు. ఆవిడ మొహం కూడా గొంతు లాంటిదే. మళ్ళీ అడిగింది.

"మీ బావకు ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రి వరండాలోంచి చేశాను. అప్పటికి ఈ ఫోను కొన్నావా?"

"కొన్నాను. ఇదే."

"చాలాసేపు మాట్లాడాను."

"నర్సొచ్చి పిలిచేదాకా."

"ఒక్కసారీ కట్ కాలేదు."

"ఆ రోజు నవ్వెక్కడిదక్కా?" అంది కత్తెరమ్మ.

అక్క మిషను పక్కకు వచ్చి, గుడ్డ మీద చెయ్యి పెట్టి, అంచు నిమిరింది.

"పొద్దున్నుంచీ మైకులో వేల మందికి చెబుతానే. ఒక్కడూ మారు పలకడు. ఇంటికెళ్తే మీ బావ ఊఁ. నీకు చేస్తే మ్‌మ్. నా మాటంటేనే అందరికీ విసుగని, నువ్వు కూడా విసుగెత్తి పెట్టేస్తున్నావని..." గొంతు మట్టం తప్పింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఉన్నట్టుండి, "ఏమే, నిజమేనా అన్నాడే!" అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఫక్కుమంది. కత్తెరమ్మ నోట్లో ఇప్పుడు సూదులు లేవు. అక్కాచెల్లెళ్ళిద్దరూ మిషను పట్టుకుని, పొట్టలు చేత్తో నొక్కుకుని, చుట్టూ ఉన్నవాళ్ళు హడలిపోయేటట్టు నవ్వారు. టీవీ దగ్గరున్న మొగుడు ఏం మునిగిందోనని పరిగెత్తుకొచ్చాడు.

మేనేజరు అప్పటికప్పుడు కొత్త ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు.

"పాతదే ఉంచుకోవే, బాగుంది కదా," అంది అక్క మెల్లిగా.

"లోపమున్నది మేం వదలకూడదండీ," అన్నాడు మేనేజరు. అసలు ఆయనకు కావలసింది మిషను బయటికి వెళ్ళడం. నలుగురు సేల్సువాళ్ళను పురమాయించి తనే దగ్గరుండి వ్యాను ఎక్కించాడు.

ఆ సాయంత్రం కొత్త ఫోను మోగింది. కత్తెరమ్మ సూదులు బిగించి, బుగ్గ కింద ఇరికించుకుంది.

"ఇందాక ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడ్డాను కదా," అంది అక్క. "దాని ధర చీటీ నా వీపుకు అంటుకుందే. అలాగే స్టేషనుకు వెళ్ళాను. రెండేళ్ళ గ్యారంటీ, తక్కువ కరెంటు అని రాసుంది. ఒకాయన వెనకాల నిలబడి మొత్తం చదివి, ఇంటికి తెచ్చి దింపుతారా అని అడిగాడు. మీ బావకు చెప్పాను. ఊఁ అన్నారు."

కత్తెరమ్మ బుగ్గలు లేచాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త ఫోను తెర బుద్ధిగా ఆరిపోయి ఉంది. ఏమీ కాలేదు. అవతల అక్క ఆగింది.

"ఉన్నావా?"

"మ్‌మ్."

"ఊఁ. సరేలే, ఇంకేముంది," అంది అక్క. గొంతు మళ్ళీ బండి ఆలస్యం చెప్పే గొంతయిపోతోంది.

కత్తెరమ్మ మిషను ఆపింది. గుడ్డ మీద నుంచి చెయ్యి తీసి, ఫోనును బుగ్గ నుంచి దూరంగా పట్టుకుంది. తెర వెలిగింది. ఎర్ర గుర్తు మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది.

కట్.

వెంటనే మోగింది ఫోను. ఎత్తేసరికి అక్క గొంతు చిన్నపిల్ల గొంతులా దూకుతూ వచ్చింది.

"ఏ మాట దగ్గర నవ్వావే? గ్యారంటీ దగ్గరా, దింపుతారా అన్న దగ్గరా?"

కత్తెరమ్మ నోట్లోంచి సూదులన్నీ తీసి పక్కన పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.